పొట్టి తీగ మీద సాగే స్వరం

మదనపల్లెలోనో పుంగనూరులోనో కుప్పంలోనో పిల్లలెవరైనా మాండలిన్ నేర్చుకుంటామని పట్టుబడితే ఇంట్లో మొదట వచ్చే మాట "ఎంతవుతుంది?" అని. ఆ తరువాత బెంగుళూరు బస్సో, కుప్పం వాళ్లయితే రైలో ఎక్కి వెళ్తారు. దుకాణంలో గోడకు వేలాడుతున్న వాటిలో నిగనిగలాడేదాన్ని ఎంచుకుని వస్తారు. కొన్ని నెలలు గడిచాక అసలు చిక్కు బయటపడుతుంది. సినిమా పాట చక్కగా పలికిన వాద్యం మీద తోడి రాగం పలకదు. తోడికి అమర్చుకున్న వాద్యం మీద ఆర్కెస్ట్రా పాటలు చేతికి రావు. ఇందులో పిల్లల తప్పు లేదు, వాద్యం తప్పూ లేదు. కొనేముందు అడగవలసిన ప్రశ్న వేరు: ఈ వాద్యం మీద ఎడమచేతి వేలు స్వరాన్ని ఏం చేయాలి? నొక్కి వదిలేయాలా, పక్కకు లాగాలా, జార్చాలా? దీనికి జవాబు తెలిస్తే తీగలెన్ని ఉండాలి, ఎంత పొడవుండాలి, ఎంత బిగించాలి, కరెంటు వాద్యం కావాలా వద్దా అన్నవన్నీ దాని వెంటే తేలిపోతాయి. ఆ జవాబు తీగ భౌతికశాస్త్రంలోనే ఉంది.

ఇంటర్మీడియట్‌లో సైన్సు చదివినవాళ్లకు ప్రయోగశాలలోని సోనోమీటరు గుర్తుండే ఉంటుంది. పొడవాటి చెక్కపెట్టె మీద ఒక తీగ, చివర వేలాడే బరువులు, మధ్యలో జరిపే రెండు ఆనికలు. తీగ పౌనఃపున్యం మూడింటి మీద ఆధారపడుతుంది: మోగే పొడవు, తన్యత, ఒక మీటరు తీగ ఎంత బరువుందన్నది. పొడవు సగమైతే పౌనఃపున్యం రెట్టింపు. తన్యత నాలుగింతలైతే పౌనఃపున్యం రెట్టింపు. ఈ సూత్రాన్ని 1636లో ఫ్రాన్సులో మెర్సెన్ అనే మతాచార్యుడు అచ్చులో పెట్టాడు. మాండలిన్ గురించి ఈ అధ్యాయంలో చెప్పబోయేదంతా ఆ సూత్రపు కొనసాగింపే.

మామూలు మాండలిన్‌లో మోగే తీగ పొడవు 33 నుంచి 35 సెంటీమీటర్లు. గిటారుది సుమారు 65. సరస్వతీ వీణది 80 పైమాటే. ఈ పొట్టితనమే మాండలిన్ స్వభావాన్నంతా నిర్ణయిస్తుంది. 35 సెంటీమీటర్ల తీగ మీద మొదటి మెట్టు తల దగ్గరి పట్టీ నుంచి 19.6 మిల్లీమీటర్ల దూరంలో వస్తుంది. పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 175 మిల్లీమీటర్ల దగ్గర. పన్నెండుకూ పదమూడుకూ మధ్య 9.8 మిల్లీమీటర్లే. అంటే చిన్నపిల్లల వేళ్లకు కూడా నాలుగైదు మెట్లు ఒకే పట్టులో అందుతాయి. ఆరేళ్ల పిల్లలకు వీణ దండి అందదు, మాండలిన్ అందుతుంది.

నేపుల్స్ నుంచి వచ్చిన జంట తీగలు

ఇప్పుడు ప్రపంచమంతా చూసే మాండలిన్ రూపం 18వ శతాబ్దపు ఇటలీలో, నేపుల్స్ నగరంలో కుదురుకుంది. వాద్యాలు తయారుచేసే వినాచియా కుటుంబం దానికి పెట్టింది పేరు. నాలుగు శ్రుతులు, ఒక్కో శ్రుతికి రెండేసి తీగలు, మొత్తం ఎనిమిది. శ్రుతి చేసే తీరు వయొలిన్‌దే: జి, డి, ఏ, ఇ. పౌనఃపున్యాల్లో చెప్పాలంటే 196, 294, 440, 659 హెర్ట్జ్‌లు. ప్రతి తీగా కింది తీగకు పంచమం.

జంట తీగలు ఎందుకంటే, చిన్న పెట్టె నుంచి పెద్ద మోత రాబట్టడానికి. రెండు తీగలు కలిసి పలికితే మోత పెరగడమే కాదు, ఆ రెండింటి మధ్య ఉండే పిసరంత తేడా వల్ల స్వరంలో ఒక మెరుపు వస్తుంది. ఒకటి 440, రెండోది 441 ఉంటే సెకనుకు ఒక విస్పందనం వినిపిస్తుంది. అంతవరకు అందమే. తేడా అయిదారు హెర్ట్జ్‌లకు చేరితే గరగర మొదలవుతుంది. ఈ గరగర సంగతి గుర్తుంచుకోండి, కథ మలుపు తిరిగేది దాని దగ్గరే.

ఇటలీవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉండేది. మీటిన స్వరం నిలవదు. తీగలోని శక్తి బ్రిడ్జి గుండా పై పలకలోకి పోయి, గాలిలో శబ్దంగా మారి త్వరగా ఖర్చయిపోతుంది. ఎంత బిగ్గరగా పలికితే అంత తొందరగా ఆరిపోతుంది. దీర్ఘస్వరం కావాలంటే ప్లెక్ట్రంతో కిందికీ పైకీ గబగబా మీటుతూ ఉండాలి. దీన్నే ట్రెమొలో అంటారు. పాత హిందీ, తెలుగు పాటల్లో విషాదం రాగానే వణుకుతూ వినిపించే మాండలిన్ అదే.

మాండలిన్ కుటుంబంలో పెద్దవి కూడా ఉన్నాయి. మాండోలా అయిదు స్వరాలు కింద, వయోలా శ్రుతిలో ఉంటుంది. ఆక్టేవ్ మాండలిన్ ఒక స్థాయి కింద పలుకుతుంది. మాండోసెల్లో సెల్లో శ్రుతిలో. భజన బృందంలో మగగొంతుల కింద ఒదగాలంటే మామూలు మాండలిన్ కంటే ఆక్టేవ్ మాండలిన్ బాగుంటుందని నా అభిప్రాయం. అయితే దాని తీగ పొడవు 50 సెంటీమీటర్లు దాటుతుంది కాబట్టి చిన్నపిల్లలకు పనికిరాదు.

ఆకారం గురించి చాలామంది దుకాణంలో చర్చిస్తుంటారు. గుండ్రని డిప్ప వీపు నేపుల్స్‌ది. చదునైన వీపు, చెక్కిన పలకలు అమెరికా సంగతి. మిషిగన్ రాష్ట్రంలోని కలమజూకు చెందిన ఆర్విల్ గిబ్సన్ 1898లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన పేరుతో ఏర్పడిన కంపెనీలో లాయిడ్ లోర్ 1922లో ఎఫ్-5 తెచ్చాడు. భుజం మీద నత్తగుల్ల చుట్టు ఉండే రకం అది. ఆ చుట్టు ముచ్చటైనదే కానీ శబ్దానికి దానివల్ల ఒరిగేది స్వల్పం. పై పలకలో రంధ్రం గుండ్రంగా ఉందా, వయొలిన్‌లో మాదిరి రెండు చీలికలా అన్నది నిజంగా తేడా తెస్తుంది. డబ్బు తక్కువ ఉన్నవాళ్లు చుట్టు లేని 'ఏ' (A) రకం కొనుక్కుని, మిగిలినది మంచి తీగలకు ఖర్చు పెట్టాలి.

పాలకొల్లు పిల్లవాడు చేసిన మార్పు

కర్ణాటక సంగీతంలో స్వరం ఒకచోట నిలబడి ఉండదు. తోడిలో గాంధారం రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. ఆ ఊపు తీసేస్తే మిగిలేది తోడి కాదు. గమకాన్ని అలంకారమని చెప్పే పుస్తకాలున్నాయి కానీ, ఈ సంగీతంలో అది స్వరానికి ప్రాణం. అలాంటప్పుడు లోహపు మెట్లు బిగించిన పొట్టి వాద్యం, అందులోనూ జంట తీగలది, ఇక్కడికి పనికొస్తుందని మొదట్లో ఎవరనుకుంటారు?

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టారు. ఆరేళ్ల వయసులో తండ్రి సత్యనారాయణ గారి మాండలిన్ చేతిలోకి తీసుకున్నారు. ఆయనకు సంగీతం చెప్పిన రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని వాద్యం మీద పలికించేవాడు. ఈ వివరం నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. వేలు ఎక్కడ పెట్టాలో చూపించే గురువు ఉండి ఉంటే ఆ గురువు పరిమితులన్నీ పిల్లవాడికి వచ్చేవి. ఇక్కడ అతని ముందున్నది గొంతు ఒక్కటే. గొంతు చేసేదాన్ని తీగ చేయకపోతే తీగనే మార్చాలి.

అదే చేశారు. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టారు, నాలుగు శ్రుతుల చోట అయిదు చేశారు, కరెంటు మాండలిన్‌కు మారారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. 1981లో మద్రాసు డిసెంబరు సంగీతోత్సవాల్లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక. 1998లో పద్మశ్రీ. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో కన్నుమూసేనాటికి ఆయన వయసు 45. ఆయన తమ్ముడు రాజేశ్ ఆ బాణీలో వాయిస్తున్నారు, సినీ సంగీత దర్శకుడు దేవిశ్రీ ప్రసాద్ మాండలిన్ నేర్చుకున్నదీ శ్రీనివాస్ దగ్గరే. హిందుస్తానీ వైపు చూస్తే, హిందీ సినీ సంగీత దర్శకుడు సజ్జాద్ హుసేన్ మాండలిన్ మీద రాగాలు పలికించి పేరు పొందారు.

జంట తీగలు ఎందుకు తీసేయాల్సి వచ్చింది? వేలితో రెండు తీగలను కలిపి పక్కకు లాగి చూడండి. వేలికి దగ్గరున్నది ముందు కదులుతుంది, రెండోది తరువాత. ఒకటి నాలుగు మిల్లీమీటర్లు జరిగితే రెండోది మూడే జరుగుతుంది. రెండూ ఒకే స్వరం దగ్గర మొదలై వేర్వేరు చోట్లకు చేరతాయి. నిలబడి ఉన్నప్పుడు మెరుపుగా ఉన్న విస్పందనాలు గమకం వేయగానే గరగరగా మారతాయి. ఒంటి తీగతో ఆ బాధ లేదు. మోత తగ్గుతుంది, దానికి కరెంటు ఉంది.

అయిదు మిల్లీమీటర్ల లెక్క

ఒంటి ఉక్కు తీగ, 35 సెంటీమీటర్ల పొడవు, 440 హెర్ట్జ్‌లకు బిగించి ఉంది. పన్నెండో మెట్టు మీద నొక్కి 5 మిల్లీమీటర్లు పక్కకు లాగారు. తీగ సాగేది పొడవులో పదివేలకు నాలుగు వంతులే, కంటికి కనిపించదు. కానీ ఉక్కు యంగ్ గుణకం చాలా పెద్దది కాబట్టి ఆ కాస్త సాగుడుకే తన్యత పదకొండు శాతం పెరుగుతుంది. పౌనఃపున్యం అందులో సగం, అంటే అయిదున్నర శాతం పెరుగుతుంది. ఇది దాదాపు ఒక స్వరస్థానం, అంటే అర్ధస్వరం. సాధారణ గాంధారాన్ని మధ్యమం చేయడానికి సరిపోదు కానీ, శుద్ధ రిషభాన్ని చతుశ్రుతి దాకా తీసుకెళ్లగలదు.

అదే తీగను 392కు దించి ఇదే పని చేస్తే లాభం ఆరున్నర శాతం దాటుతుంది. ఒక స్వరస్థానం దాటి ఇంకాస్త. 659కు బిగించిన తీగ మీదైతే అదే అయిదు మిల్లీమీటర్లకు అర్ధస్వరంలో సగం కూడా రాదు. వదులు తీగ ఎక్కువ సాగుతుంది, బిగుతు తీగ మొండికేస్తుంది.

ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. గమకం బాగా రావాలని సన్నతీగలు కొంటుంటారు. సన్నతీగ వల్ల వేలికి నొప్పి తగ్గుతుంది, నిజమే. కానీ పైన మరో తీగ చుట్టని ఉక్కు తీగల్లో, పొడవూ శ్రుతీ అవే ఉంచితే, ఇన్ని మిల్లీమీటర్లు లాగితే ఇంత స్వరం పెరుగుతుందన్న లెక్క లావుతో మారదు. తీగ లావు పెరిగితే దాన్ని లాగడానికి కావలసిన బలమూ పెరుగుతుంది, ఆ శ్రుతికి కావలసిన తన్యతా అదే పాళ్లలో పెరుగుతుంది. రెండూ చెల్లుకు చెల్లు. కాబట్టి వేళ్లు లేతగా ఉన్న పిల్లలకు సన్నతీగ, గట్టి నాదం కావాలనుకునేవాళ్లకు కాస్త లావుది. గమకం పరిధి పెంచాలంటే మాత్రం మార్గం ఒకటే, శ్రుతి దించాలి.

కర్ణాటక పద్ధతిలో స, ప, స, ప అని శ్రుతి చేసుకోవడం వల్ల ఈ పని సగం దానంతటదే అవుతుంది. దుకాణంలో కొన్న జి, డి, ఏ, ఇ తీగలనే ఉంచి, ఏ ను జి కి, ఇ ని డి కి ఒక్కో స్వరం దించితే జి, డి, జి, డి వస్తుంది. అంటే అయిదు శ్రుతిలో స, ప, స, ప. కొత్త తీగలు కొనక్కర్లేదు. పైగా మంద్రంలో నేర్చుకున్న వేళ్ల నడక మధ్యస్థాయిలోనూ అదే.

ఒకటి గమనించాలి. లాగుడుతో వచ్చేది ఒక స్వరస్థానమో, కొంచెం ఎక్కువో. తోడి గాంధారానికి అది చాలదు. రిషభం నుంచి మధ్యమం దాకా నాలుగు స్వరస్థానాలు. వీణ మీద పొడవాటి తీగను మెట్టు మీదే ఎంతో దూరం లాగి ఆ పని చేస్తారు. మాండలిన్ మీద జారు తప్పదు. పొట్టితనం ఇక్కడ అక్కరకొస్తుంది. ఖాళీ తీగ షడ్జమం అనుకుంటే రిషభం మొదటి మెట్టు, మధ్యమం అయిదో మెట్టు, మధ్య దూరం 68 మిల్లీమీటర్లు. వీణ మీద ఇదే జారుకు దానికి రెట్టింపు పైచిలుకు దూరం పోవాలి. మాండలిన్ మీద పై స్థాయిలో, పదమూడు నుంచి పదిహేడో మెట్టుకు, 34 మిల్లీమీటర్లే. మణికట్టు కదలకుండా వేలు పోయి రాగలదు. లాగుడులో వీణ ముందు, వేగంగా జార్చడంలో మాండలిన్ ముందు. శ్రీనివాస్ వాయించిన రికార్డులు చెవిపెట్టి వింటే ఆయన ఊపుల్లో ఎంత భాగం జారో తెలుస్తుంది. లాగుడు చివర్లో కొంచెం, స్వరాన్ని తాకి వదలడానికి.

జార్చేటప్పుడు వేలు ఎంత నొక్కాలన్నది సాధనలో తేలాలి. గట్టిగా నొక్కితే మెట్లు ఒక్కొక్కటే కటకటమని వినిపిస్తాయి. మరీ తేలికైతే నాదం చచ్చిపోతుంది. తీగ మెట్టును తాకి తాకనట్టు ఉండే ఒత్తిడి ఒకటుంది. మాయామాళవగౌళ సరళీ వరసలనే ఒంటివేలితో, ఒక తీగ మీద, మీటు ఒక్కటే వేసి రెండేసి స్వరాలు జారుతూ సాధన చేస్తే అది పట్టుబడుతుంది. మెట్లు సన్నగా, నున్నగా, ఒకే ఎత్తులో ఉన్న వాద్యం ఎందుకు కొనాలో అప్పుడే అర్థమవుతుంది.

వదులు తీగకు మూల్యం కూడా ఉంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ సముద్రమట్టానికి ఆరువందల యాభై మీటర్ల పైన ఉన్న ఊళ్లు. ధనుర్మాసంలో తెల్లవారుజామున భజన మందిరంలో శ్రుతి చేసుకుని, పదింటికి ఎండలో పందిరి కింద వాయించాలంటే మధ్యలో పది డిగ్రీల తేడా మామూలే. ఉక్కు చెక్క కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. 440 తీగ ఆ వేడికి అర్ధస్వరంలో ఆరో వంతు దాకా దిగుతుంది. 392కు దించిన తీగ నాలుగో వంతు దగ్గరకు వెళ్తుంది. గమకానికి మెత్తబడిన తీగ వాతావరణానికీ మెత్తబడుతుంది, రెండింటికీ కారణం ఒకటే. వేదిక ఎక్కాక పది నిమిషాలు వాద్యాన్ని పెట్టెలోంచి తీసి ఉంచి, ఆ తరువాత శ్రుతి చేసుకోవాలి. సంచిలోంచి తీసీ తీయగానే చేసిన శ్రుతి నిలవదు.

కుడిచేతి సంగతి

ఎడమచేతికి ఇంత శ్రద్ధ పెట్టేవాళ్లు కుడిచేతిని పట్టించుకోరు. మీటే చోటు నాదాన్ని మార్చేస్తుంది. తీగను ఎక్కడ మీటుతామో ఆ బిందువు దగ్గర కదలిక లేని అనుస్వరాలు ఆ స్వరంలో ఉండవు. బ్రిడ్జి నుంచి అయిదో వంతు దూరంలో మీటితే అయిదో అనుస్వరం మాయమవుతుంది. దీన్ని యంగ్, హెల్మ్‌హోల్ట్జ్‌ల నియమం అంటారు.

మన సి.వి. రామన్ వీణ, తంబురాల మీద పరిశోధన చేసి, ఆ వాద్యాలు ఈ నియమానికి లొంగవని 1920ల తొలినాళ్లలోనే చూపించారు. వాటి బ్రిడ్జి వెడల్పుగా, కాస్త వంపుతో ఉంటుంది. తీగ కంపిస్తున్నప్పుడు ఆ వంపును తాకుతూ వదులుతూ, లేని అనుస్వరాలను పుట్టిస్తుంది. తంబురా జుంకారం అదే. మాండలిన్ బ్రిడ్జి అంచు సన్నం. అక్కడ నియమం చాలావరకు పనిచేస్తుంది. అందువల్ల మాండలిన్ నాదపు రంగు వాయించేవాళ్ల కుడిచేతిలోనే ఉంటుంది, వాద్యం తనంతట తాను ఇవ్వదు.

ఖాళీ తీగకు అయిదో వంతంటే బ్రిడ్జి నుంచి 70 మిల్లీమీటర్లు. పన్నెండో మెట్టు నొక్కినప్పుడు మోగే పొడవు సగమవుతుంది కాబట్టి అదే నాదం కావాలంటే 35 మిల్లీమీటర్ల దగ్గర మీటాలి. ఎడమచేయి పైకి పోతుంటే కుడిచేయి బ్రిడ్జి వైపు జరగాలన్నమాట. దీన్ని చూపించి చెప్పే మాస్టర్లు తక్కువ. పై స్థాయిలో మాండలిన్ బోలుగా పలుకుతోందని వాద్యాన్ని తిట్టుకునేవాళ్లు ముందు ఇది చేసి చూడాలి.

ప్లెక్ట్రం పలచనిదైతే తీగకు తగిలి తను వంగిపోతుంది, టిక్కుమన్న చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది. ఒక మిల్లీమీటరు, ఆపైన మందం ఉన్నదైతే మీటు నిండుగా ఉంటుంది. సరోద్ వాయించేవాళ్లు కొబ్బరి చిప్పతో చేసుకుంటారు, మాండలిన్‌కూ అది బాగానే కుదురుతుంది. అంచు నున్నగా అరగదీయాలి.

ఇక ఎక్కడెక్కడ మీటాలన్నది. వీణ వాళ్ల పద్ధతి, సాహిత్యంలో అక్షరం పడినచోట మీటు, మధ్యలోవన్నీ గమకంలో. కృతి వాయించేటప్పుడు మాండలిన్‌కూ అదే మంచిది. ట్రెమొలో అలవాటు ఉన్న చెయ్యి ఇక్కడ పాటను ముక్కలు చేసేస్తుంది. కల్పనస్వరాల్లో మాత్రం కిందికీ పైకీ సమంగా మీటు పడాలి, అప్పుడు లెక్క తప్పకూడదు. లయ విషయంలో ఈ ప్రాంతానికి పెద్ద పేరుంది. పుంగనూరులో పుట్టిన చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై, లయకు నిలయమైన కాంచీపురం నాయనా పిళ్లై శిష్యులు. 1954లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి ఆయనే. గాత్రమే ఆయనది, కానీ మాండలిన్ నేర్చుకునేవాళ్లు ఆయన తరహా పల్లవులు చేత్తో తాళం వేస్తూ వినడం వల్ల కుడిచేతికి కలిగే మేలు ఏ మెట్రోనోమూ ఇవ్వదు.

నొటేషన్ పుస్తకంతో నేర్చుకునేవాళ్లు

మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కళాశాలకు 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ వచ్చారు. అక్కడే జనగణమనకు ఇంగ్లీషు అనువాదం చేశారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్, ఐర్లండ్‌లో సంగీతం చదువుకున్నావిడ, ఆ పాట వరసను పాశ్చాత్య నొటేషన్‌లో పెట్టారు. ఆ వరసకు నొటేషన్ చక్కగా కుదిరింది, ఎందుకంటే అందులో స్వరాలు చాలావరకు నిలబడి ఉంటాయి. మాండలిన్ మీద మొదటగా నేర్చుకోవడానికి అది మంచి పాట. మెట్టు మీద వేలు, మెట్టుకు కొంచెం వెనక, నిటారుగా. నొక్కడం, మీటడం, తీయడం. ఈ రకం సంగీతం వాయించేవాళ్లకు ఎనిమిది తీగల మాండలిన్ సరైనది. జంట తీగల మెరుపు వాళ్లకు వరం.

కుప్పంలో పెళ్లి ఆర్కెస్ట్రా అంటే ఒకే రాత్రి తెలుగు పాట, తమిళ పాట, కన్నడ పాట. గాయకుడు మారితే శ్రుతి మారుతుంది. అక్కడ స, ప, స, ప పనికిరాదు. శ్రుతి మారిన ప్రతిసారీ తీగలు తిప్పుతూ కూర్చోలేరు. జి, డి, ఏ, ఇ లో ప్రతి జత మధ్యా ఒకే దూరం ఉంటుంది కాబట్టి, ఒక వేళ్ల నడకను తీగ మార్చి, రెండు మెట్లు జరిపి, ఏ శ్రుతిలోనైనా వాయించవచ్చు. వాళ్లకు కావలసింది పికప్ అమర్చిన ఎనిమిది తీగల వాద్యం.

పికప్ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. చెక్క మాండలిన్ ముందు మైకు పెడితే, స్పీకరు శబ్దం పై పలకకు తగిలి, పలక కంపించి, మళ్లీ మైకులోకి పోయి, కూత మొదలవుతుంది. కోవెల మండపాల్లో రాతిగోడల మధ్య ఇది మరీ ఎక్కువ. గట్టి దిమ్మతో చేసిన కరెంటు మాండలిన్‌కు కంపించే పలకే లేదు. అయస్కాంతం చుట్టూ రాగి తీగ చుట్టిన పికప్ ఉక్కు తీగ కదలికను నేరుగా విద్యుత్తుగా మారుస్తుంది. ఫారడే ప్రేరణ సూత్రమే. పై పలకకు శక్తి ఇవ్వాల్సిన పని లేదు కాబట్టి తీగ ఎక్కువసేపు మోగుతుంది. ఒక్క మీటుతో నాలుగు స్వరాల సంగతి పలికించడానికి శ్రీనివాస్‌కు కావలసినంత సమయం ఇచ్చింది ఇదే. కరెంటు వాద్యం శాస్త్రీయానికి తగదనేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి. గమకం నిలవాలంటే నాదం నిలవాలి, చిన్న చెక్కపెట్టె దాన్ని నిలపలేదు.

కొనేటప్పుడు, కొన్నాక

దుకాణంలో ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకుని పన్నెండో మెట్టు మీద తీగను వేలితో తాకీ తాకనట్టు ఉంచి మీటండి, అనుస్వరం వస్తుంది. తరువాత అదే మెట్టు నొక్కి మీటండి. రెండూ ఒకటి కావాలి. నొక్కిన స్వరం ఎక్కువైతే తీగ మెట్ల నుంచి ఎత్తుగా ఉందని గానీ, బ్రిడ్జి ముందుకు ఉందని గానీ అర్థం. ఎత్తు రెండు మిల్లీమీటర్లుంటే నొక్కగానే తీగ సాగి, స్వరం అర్ధస్వరంలో ఏడో వంతు పెరుగుతుంది. మాండలిన్ బ్రిడ్జి అతికించి ఉండదు, తీగల ఒత్తిడితో నిలబడుతుంది. రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే సరిపోతుంది. ఇది తెలియక మంచి వాద్యాన్ని వద్దని వచ్చేసేవాళ్లుంటారు. తరువాత ఒక తీగను మొదటి మెట్టు దగ్గరా చివరి మెట్టు దగ్గరా ఒకేసారి నొక్కి మధ్యలో చూడండి. వెంట్రుకవాసి సందు ఉంటే దండి బాగున్నట్టు. కార్డు ముక్క దూరేంత సందు ఉంటే వంగినట్టు.

చెక్క సంగతికొస్తే, పై పలకకు స్ప్రూస్ వాడతారు. నీటిలో సగానికి తక్కువ సాంద్రత, బరువును బట్టి చూస్తే మహా బిరుసు. మన శేషాచలం కొండల ఎర్రచందనం దీనికి పూర్తిగా వ్యతిరేకం, చేవ ముక్క నీటిలో మునుగుతుంది. పై పలకగా అది పనికిరాదు, దండిగా మాత్రం వంగదు, మెలి తిరగదు. జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల మీటు వాద్యానికి శ్రేష్ఠమైన దండి ఎర్రచందనానిదే. వాయించేవాళ్లెవరూ లేని మన కొండల నుంచి అంత దూరం పోయి అది సంగీతంలో చేరింది. ఈ చెట్టు తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప సహజంగా ఎక్కడా పెరగదు, అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ ఉంది. ఎవరైనా ఎర్రచందనపు మాండలిన్ అమ్మజూపితే కొనవద్దు.

ఇంట్లో ఇప్పటికే ఎనిమిది తీగల మాండలిన్ ఉండి, పిల్లలు కర్ణాటక సంగీతం వైపు మళ్లితే కొత్తది కొనక్కర్లేదు. ప్రతి జతలో ఒకటి తీసేయండి. ఎనిమిది తీగలు కలిసి దండిని 70, 80 కిలోల బలంతో లాగుతుంటాయి, అది సగమవుతుంది. దండి కొంచెం వెనక్కి నిలుచుకుంటుంది, అందువల్ల తీగలు మెట్లకు దగ్గరై బుసకొట్టవచ్చు. బ్రిడ్జి కింద ఉండే రెండు మరల చక్రాలు తిప్పి కొంచెం ఎత్తితే పోతుంది. రెండు గాడుల మధ్యలో తీగకు కొత్త గాడి కోయించాలి, లేకపోతే లాగినప్పుడు ఒకవైపు అంచు దాటి జారిపోతుంది. మోత తగ్గుతుంది కాబట్టి బ్రిడ్జి పక్కన పై పలకకు ఒక పియెజో బిళ్ల అంటించి చిన్న ఆంప్లిఫయరుకు కలపాలి. వాయించాక తీగలు పొడిగుడ్డతో తుడవాలి, చెమటకు తుప్పు పట్టిన తీగ మీద జారు రాదు. కొత్త తీగ మొదటి రెండు మూడు రోజులు దిగుతూనే ఉంటుంది. అందుకని కచేరీకి ముందురోజు తీగలు మార్చకూడదు, కనీసం నాలుగు రోజుల ముందు మార్చి, రోజూ లాగుతూ వాయించి, అవి స్థిరపడ్డాకే వేదిక ఎక్కాలి.